కొండ మీద దుర్భిణి, దొడ్లో తడిక

నా చిన్నప్పుడు ఉదయగిరిలో ఎండాకాలం వచ్చిందంటే కొండ మాది కాకుండా పోయేది. మిగతా కాలమంతా మేకలకూ, కట్టెలు కొట్టేవాళ్ళకూ, కోతులకూ వదిలేసిన ఆ దుర్గం కోసం మే నెల రాగానే నెల్లూరు నుంచీ, కావలి నుంచీ జనం వచ్చేవారు. తెల్లవారే వేళకు బస్సు దిగి, టిఫిన్ క్యారియర్లూ నీళ్ళ డబ్బాలూ పట్టుకుని, ఎండ ముదరకముందే పైకెక్కి, కోటగోడల నీడలోనో, రాళ్ళ మధ్య నీళ్ళు నిలిచే దొన పక్కనో పొద్దు గడిపి సాయంత్రానికి దిగేవారు. కింద మేం ఉడికిపోతుంటే పైన గాలి చల్లగా ఉంటుందని వాళ్ళు చెబితేనే మాకు తెలిసేది. మా గుమ్మంలో నిలబడితే ఎదురుగా కొండే. అయినా మా అమ్మ పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఒక్కసారి కూడా ఎక్కి ఎరగదు. మా వీధిలో కోడళ్ళెవరూ ఎక్కలేదు. అక్కడ మనకేం పని అనేవారు.

నాకు అనుమానం ఎక్కువ. దాచుకోవలసిన సంగతేమీ కాదు, మా ఇంట్లో అందరికీ తెలుసు. ఇప్పటికీ పాలవాడు నవ్వుతూ పాలు పోస్తే, ఎందుకు నవ్వుతున్నాడా అని గిన్నెలోకి తొంగి చూస్తాను. ఈ గుణం మా నాయన నుంచి వచ్చింది. కొండెక్కే ప్రతి మనిషినీ ఆయన గుప్తనిధులు తవ్వడానికి వచ్చినవాడి కిందే జమకట్టేవాడు. అరుగు మీద కూర్చుని, ఇదిగో ఈ సంచిలో గడ్డపార ఉంది, ఆ సంచిలో నిమ్మకాయలూ పసుపూ ఉన్నాయి అని నాకు చూపించేవాడు. ఆ సంచుల్లో పులిహోర తప్ప మరేదైనా ఉన్నట్టు నేను ఏనాడూ వినలేదు. అయినా ఆయన మాటే నిజమని నమ్మేదాన్ని.

తొంభైల మధ్యలో, నా ఐదో తరగతి అయిపోయిన సెలవుల్లో, కొండ మీదికి ఒక కొత్త మనిషి వచ్చాడు. జలదంకి వైపు వాడు. అంతకుముందు టూరింగ్ టాకీసులో పని చేశాడట. అది మూతపడ్డాక, ఉన్నదంతా పెట్టి మద్రాసులో ఒక పాత దుర్భిణి కొన్నాడట. ఈ అటలన్నీ టీ అంగడిలో పుట్టినవి, నేను పూచీ పడను. కొండ దారిలో సగం ఎక్కితే ఒక చదును బండ వస్తుంది. దాని మీద మూడు కాళ్ళ చట్రం నిలబెట్టి, దుర్భిణి బిగించి, నెత్తిన దుప్పటితో పందిరి కట్టుకుని కూర్చునేవాడు. ఎక్కేవాళ్ళు అక్కడ ఆగి, ఆయాసం తీర్చుకుని, చేతిలో చిల్లర పెట్టి, ఒక కన్ను మూసుకుని చూసేవారు. పైకి తిప్పితే కోట బురుజులు, పక్కకి తిప్పితే కొండ చరియల మీద మేకలు. దక్షిణానికి తిప్పి, అదిగో సోమశిల నీళ్ళు అనేవాడు. అంత దూరాన ఉన్న సోమశిల ఇక్కడికి కనబడుతుందా అని నాకు మొదటి రోజే అనుమానం.

గొడవంతా వడియాలతో మొదలైంది. ఒక సాయంత్రం ఆ మనిషి టీ తాగడానికి కిందికి వచ్చాడు. అంగడిలో మా పక్కింటి చిన్నాయన కనిపించాడు. దుర్భిణి మనిషి పాపం మంచికే పోయి, "అన్నా, రేపటి నుంచి మీ మిద్దె మీద ఎవుర్నన్నా కాపలా పెట్టుకోండి. ఈ పొద్దు కోతులు దిగొచ్చి మీ వడియాలు సగం తినేసి పోయినాయి" అని చెప్పాడు. చిన్నాయన సంతోషించాడు. సగం టీ తాగేదాకా సంతోషంగానే ఉన్నాడట. ఆ తర్వాత గ్లాసు కింద పెట్టి, మా మిద్దె మీద వడియాలున్నట్టు వీడికెట్లా తెలుసు అని ఆలోచించాడు. ఇంటికి వచ్చేసరికి ఆయన మొహం ఎర్రబడి ఉంది.

మిద్దె కనబడిందంటే దొడ్డి కూడా కనబడినట్టే. అప్పట్లో మా వీధిలో ఏ ఇంటికీ స్నానాల గది లేదు. దొడ్లో మూడు వైపులా తాటాకు తడికలు, నాలుగోవైపు గోడ, పైన ఆకాశం. ఆడవాళ్ళు అందులోనే నీళ్ళు పోసుకునేవారు. లోపల మనిషి ఉన్నట్టు తెలియడానికి తడిక మీద చీర వేసేవారు. ఆ చీర కనబడితే మగవాళ్ళు దొడ్డివైపు రారు. అది మా వీధి మర్యాద. పక్క దొడ్లోంచి ఎవరి కంటా పడకుండా తడికలు మనిషెత్తు కంటే పైకే కట్టేవారు. పై నుంచి చూడొచ్చన్న ఆలోచన మాత్రం ఒక్కరికీ రాలేదు. ఎదురుగా అంత కొండ పెట్టుకుని.

ఇక ఆ వారం మా వీధి ఆడవాళ్ళ అవస్థ చెప్పనలవి కాదు. కోడి కూయకముందే చీకట్లో తడుముకుంటూ నీళ్ళు పోసుకోవడం. మే నెల చెమటకి సాయంత్రం మళ్ళీ నాలుగు చెంబులు పోసుకుంటే తప్ప నిద్ర పట్టదు, అది కూడా మానేశారు. మా అమ్మ మెడ నిండా చెమటకాయలు పేలాయి. నేనైతే తడికలోకి గొడుగు తీసుకుని పోయాను. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో చెంబు. ఇంకో చెయ్యి ఉంటే సబ్బు రుద్దుకునేదాన్ని.

శనివారం సాయంత్రం మగవాళ్ళంతా మా అరుగు మీద చేరారు. మా వీధిలో చాలావరకు బాప్టిస్టు కుటుంబాలే. మర్నాడు చర్చి అయిపోగానే కొండెక్కి, దుర్భిణి బండకేసి పగలగొట్టి, ఆ మనిషికి నాలుగు తగిలించి బస్సెక్కించాలని నిర్ణయించారు. "మళ్ళా వాడు ఉదయగిరి మొహం చూడకూడదు" అని మా నాయన కర్ర ఒకటి తెచ్చి, దాని కణుపులు చెక్కుతూ కూర్చున్నాడు. లోపలున్న ఆడవాళ్ళు కూడా తగిన శాస్తే అన్నారు. నాకూ సబబుగానే తోచింది.

ఒక్క మా మేనత్త మాత్రం ఏమీ అనకుండా చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. ఆమె మా నాయనకు అక్క. మామ పోయాక మా ఇంట్లోనే ఉండి, పిల్లల హాస్టల్లో వంట చేసేది. మా నాయన ఈ లోకంలో భయపడేది ఆమె ఒక్కదానికే. గింజలన్నీ తీశాక చేతులు దులుపుకుని, "పగలగొట్టే ముందు అది ఏం చూపిస్తాదో చూడొద్దా? తెల్లారే మేము పోయొస్తాం" అంది.

"మేము అంటే ఎవురు?" అన్నాడు నాయన.

"వాడు ఎవుర్ని చూసినాడని మీరు అంటా ఉండారో, వాళ్ళం."

"ఆడోళ్ళు కొండెక్కేదేందక్కా?"

"ఏం రా, కొండకేమన్నా మీసాలుండాయా?" అంది అత్త.

మర్నాడు వెలుగు రాకముందే బయలుదేరాం. అత్త, అమ్మ, పక్కింటి పిన్నమ్మ, వీధిలోవాళ్ళు ఇంకో నలుగురైదుగురు, నేను. పోయే ముందు అత్త మా అవ్వను, అంటే తన తల్లిని, చీర కట్టుకున్నది కట్టుకున్నట్టే తడికలో పీట వేసి కూర్చోబెట్టింది. చేతికి చేట ఇచ్చి, ఎండ పొడ తడిక మీద పడినప్పుడు దాన్ని పైకెత్తి ఊపమని చెవిలో గట్టిగా చెప్పింది. అవ్వకు చెవుడు. ఏం అర్థమైందో ఏమో, సరేనంది.

నిజం తేల్చడానికి పోతున్నాం కదా, మరి పిన్నమ్మ జంతికల డబ్బా ఎందుకు తెస్తున్నదో నాకు అంతు పట్టలేదు. అమ్మ కూడా కొత్త చీర కట్టుకుంది. మొదట్లో అందరూ మొహాలు ముడుచుకునే నడిచారు. రెండో మలుపు తిరిగేసరికి గాలి వచ్చింది. కింద మా వీధిలో ఏనాడూ లేని గాలి. అమ్మ తల మీది కొంగు ఎగిరిపోయింది. ఆమె దాన్ని సర్దుకోలేదు. మెడ మీది చెమటకాయలకు గాలి తగిలేట్టు తల వంచి అట్లాగే నిలబడిపోయింది. ఎవరో నవ్వారు. ఆ తర్వాత అందరూ ఏదో ఒకదానికి నవ్వుతూనే ఎక్కారు.

బండ మీద ఆ మనిషి ఉన్నాడు. బక్కపలచటివాడు. ఇంతమంది ఆడవాళ్ళను ఒక్కసారి చూసేసరికి లేచి నిలబడి, భుజం మీది తువాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. కోట చూపిస్తాను రండమ్మా అన్నాడు. అత్త, "కోట యాడికి పోతాది, మా వీధి చూపించు" అంది.

"వీధి వైపు తిప్పనమ్మా. ఎవరన్నా ఏమన్నా అనుకుంటారు" అన్నాడు.

చూశారా, తెలుసన్నమాట అనుకున్నాను నేను. అత్త మళ్ళీ తిప్పమంది. అతను మర వదులు చేసి గొట్టాన్ని కిందికి వంచాడు. ఆ మర ఎక్కడా పట్టుకోకుండా సులువుగా తిరిగింది. చాలాసార్లు తిరిగిన మర లాగా. అది కూడా నేను గమనించి పెట్టుకున్నాను.

వరసగా అందరం చూశాం. మా వీధి, తాడు మీద ఆరేసిన నా గౌను, గుమ్మంలో మా కుక్క. తర్వాత దొడ్డి, తడిక. తడికలో అవ్వ. ఎండ మీద పడగానే చేట నెత్తిన బోర్లించుకుని, గోడకు ఆనుకుని, నోరు తెరిచి నిద్రపోతోంది. చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా కనిపించింది. నేను నవ్వబోయి అమ్మ మొహం చూసి ఆగాను. అమ్మ దుర్భిణి దగ్గర నుంచి వెనక్కి వచ్చి, రెండు చేతులతో కొంగు ఒంటినిండా కప్పుకుంది. గాలికి ఇందాక వదిలేసిన కొంగే.

పిన్నమ్మ ఆ మనిషిని తిట్టడం మొదలుపెట్టింది. అతను బిడ్డ మీద ఒట్టేశాడు. తాను దుర్భిణిలోంచి వీధి చూడలేదనీ, ఆ రోజు కోతుల మంద తన పక్కనుంచే దిగి తెల్లగుడ్డ పరిచిన మిద్దె మీదికి పోవడం ఉత్త కళ్ళతోనే చూశాననీ అన్నాడు. నేను నమ్మలేదు. ఒట్లు వేసేవాళ్ళను నేను ఇప్పటికీ నమ్మను.

అప్పుడు అత్త అందరినీ బండ చివరికి పిలిచింది. "ఇప్పుడు ఆ గొట్టం లేకుండా చూడండి" అంది.

చూశాం. చిన్నగానే అయినా కనబడుతోంది. మా వీధి పొడుగునా దొడ్లన్నీ, ప్రతి దొడ్లోనూ మూత తీసిన పెట్టెలాగా ఒక తడిక. మా తడికలో అవ్వ ఎర్రచీర, దాని మీద తెల్లగా చేట. ఒకసారి ఎక్కడుందో తెలిశాక కన్ను మళ్ళీ మళ్ళీ అక్కడికే పోతోంది.

"పెండ్లి కాక ముందు నేను కట్టెల మోపు ఈ బండ మీదే దించుకునేదాన్ని" అంది అత్త. "మన వీధి ఆడోళ్ళు నీళ్ళు పోసుకునేది ఈడినుంచే చూసినాను. నేనొక్కదాన్నేనా? మేకలోళ్ళు చూసినారు, తేనెకు పోయేటోళ్ళు చూసినారు. ఈ మనిషి నిన్న గాక మొన్న వచ్చినాడు."

అమ్మ ఆమె వైపు తిరిగింది. "ఇన్నేండ్లూ చెప్పలేదే వదినా?"

"చెప్తే ఏమంటారు? నువ్వెందుకు చూస్తివి అని నన్నే తిడతారు. నేను చీకట్లో పోసుకునేది అందుకే."

అమ్మకు ఆ జవాబు నచ్చలేదు. నిజం చెప్పాలంటే నాకూ నచ్చలేదు. ఆ రోజు చాలాసేపు అమ్మ అత్తతో సరిగా మాట్లాడలేదు. నేను మాత్రం ఆగలేక, ఇంతకీ ఈయన దుర్భిణిలోంచి చూసినాడా లేదా అని అందరి ముందే అడిగేశాను. అత్త ఆ మనిషి మొహంలోకి చూసింది. "ఏమో పాపా. చూసుండొచ్చు, చూడకపోయుండొచ్చు. దాన్ని తేల్చే మొనగాడు ఎవురూ లేరు. చూడగలడు, అంతే మనకు తెలిసింది" అంది.

ఈలోగా పిన్నమ్మ మళ్ళీ దుర్భిణికి కన్ను ఆనించింది. ఉన్నట్టుండి, "ఓరి నీ దుంపతెగ, బీడీ మానేసినానని ప్రార్థనలో లేచి సాక్ష్యం చెప్తివే" అంది. చిన్నాయన మిద్దె మీద నీళ్ళ తొట్టి చాటున కూర్చుని హాయిగా పొగ వదులుతున్నాడట. దాంతో మిగతావాళ్ళంతా ఎగబడ్డారు. ఎవరి మిద్దె మీద ఏముంది, ఎవరి మొగుడు ఇంకా లేవలేదు, ఎవరు ఎండకు పెట్టిన ఊరగాయ జాడీకి గుడ్డ కట్టలేదు. మనం చూడ్డం లేదా ఇప్పుడు అని అత్త మెల్లగా అంది. ఎవరూ వినిపించుకోలేదు.

జంతికలు తిన్నాక అమ్మ ఆ మనిషిని సోమశిల చూపించమంది. ఆమె పుట్టిల్లు అనంతసాగరం వైపు పల్లె. అతను దక్షిణానికి తిప్పి ఇచ్చాడు. అమ్మ ఎంతసేపటికీ కన్ను తీయలేదు. ఆ నీళ్ళ మెరుపుకు ఇవతలే మా ఊరు అని తనలో తాను అనుకుంది. తర్వాత నేనూ చూశాను. నాకు కనిపించింది ఎవరిదో రేకుల కప్పు మీద ఎండ. ఆ మాట అమ్మతో చెప్పలేదు.

దిగబోయే ముందు ఆ మనిషి అత్త దగ్గరకు వచ్చి, కింద ఏమన్నా గొడవగా ఉందామ్మా అని అడిగాడు. మధ్యాహ్నం కర్రలతో వస్తారని అత్త ఉన్నదున్నట్టు చెప్పేసింది. అతను దుర్భిణి మీద చెయ్యి వేసి, "ఇది పగిలితే నాకింకేం లేదమ్మా" అన్నాడు. పారిపోతాడనుకున్నాను. "పోతే చూసినట్టే అనుకుంటారు. ఉండు" అంది అత్త. అతను తువాలుతో మొహం తుడుచుకుని పందిరి కింద కూర్చున్నాడు.

మేం దిగొచ్చి చర్చికి అందుకున్నాం. అది అయ్యాక మగవాళ్ళు అన్నట్టే మా అరుగు ముందు చేరారు. అత్త గడప మీద నిలబడింది. వెనక కొండెక్కివచ్చిన ఆడవాళ్ళందరూ ఉన్నారు. "పోండి, పగలగొట్టండి" అంది అత్త. "దుర్భిణి పగిలినాక మేకలోళ్ళ కండ్లు కూడా పొడిచి రండి. కట్టెలకు పోయే ఆడపిల్లల కండ్లు పొడవండి. మీ అక్కను గదా, నా కండ్లు కూడా పొడవండి. ఆ బండ మీదినుంచి ఉత్త కండ్లకే అన్ని దొడ్లూ కనపడతా ఉండాయి. కొండను కూలదోసే ఓపిక ఉంటే అదీ చెయ్యండి."

పక్కింటి చిన్నాయన గొంతు సవరించుకుని, "అయితే వాడు చూసినట్టా, చూడనట్టా?" అన్నాడు.

"నువ్వు ముందు తొట్టి చాటు బీడీ సంగతి చెప్పు" అంది పిన్నమ్మ. మగవాళ్ళు పకపకా నవ్వారు. ఆ నవ్వులో సగం మంది కర్రలు దించేశారు.

మా నాయన నవ్వలేదు, కర్ర దించలేదు. అప్పుడు మా అమ్మ మాట్లాడింది. నలుగురిలో ఆయనకు ఎదురు మాట్లాడటం నేను అంతకుముందు చూడలేదు. గొంతు కూడా పెద్దది చేయలేదు. "వాన పడితే తడస్తా ఉండానని అడిగినాను, పైన నాలుగాకులు కప్పమని. పురిట్లో చలికి వణికిపోయి అడిగినాను. ఈ ఎండాకాలం ముందు కూడా అడిగినాను. ఆడోళ్ళ నీళ్ళకు కప్పేంది అంటివి. ఈ కర్ర చెక్కేదానికి మాత్రం నిన్న సాయంత్రమంతా తీరింది నీకు."

అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. నాయన చాలాసేపు చేతిలోని కర్ర వైపే చూస్తూ నిలబడ్డాడు. ఎంత నున్నగా చెక్కాడో అప్పుడే చూసుకున్నట్టుగా. తర్వాత దాన్ని అరుగుకు ఆనించి, లోపలికి పోయి కొడవలి తెచ్చుకుని, తాటి తోపు వైపు నడిచాడు. ఒకరొకరుగా మిగతావాళ్ళూ వెళ్ళారు. పొద్దుగూకేసరికి మా వీధిలో ప్రతి తడిక మీదా పచ్చి తాటాకు కప్పు పడింది. కొండ వైపు ఒక్కరూ పోలేదు.

మర్నాడు పొద్దున నాయన టీ అంగడి నుంచి రుసరుసలాడుతూ వచ్చాడు. ఆ దుర్భిణి మనిషి అక్కడ అందరి ముందూ, మీ వీధిలో కప్పులు బాగా కుదిరినాయన్నా అన్నాడట. "చూసినావా అక్కా, వాడు చూస్తానే ఉండాడు" అన్నాడు నాయన. నేను కూడా అదే అనుకున్నాను.

"చూడనీ రా. ఏం కనపడతాది, తాటాకులు" అంది అత్త.

నాయన కాళ్ళు కడుక్కోవడానికి దొడ్లోకి పోబోయి ఆగాడు. తడిక మీద అమ్మ చీర ఉంది. ఎప్పుడనగా పోయింది, ఇంకా రాలేదేమని విసుక్కోబోతే, అత్త చెయ్యి అడ్డం పెట్టింది. అమ్మ ఎప్పుడూ చెంబు మీద చెంబు గబగబా గుమ్మరించుకుని, తడిచీర చుట్టుకుని పరుగున వచ్చేది. ఆ రోజు నీళ్ళ చప్పుడు నింపాదిగా వినిపించింది. మధ్యలో చాలాసేపు చప్పుడే లేదు. తర్వాత చిన్నగా ఆదివారం పాడిన పాట కూనిరాగం తీసింది. నాయన దొడ్డి గుమ్మంలోనే నేల మీద కూర్చుండిపోయాడు. ఆమె బయటికి వచ్చేదాకా లేవలేదు.

ఇప్పుడు నేను ఆత్మకూరులో ఉంటున్నాను. మనవరాళ్ళను ఎత్తుకునే వయసు దగ్గరపడుతోంది. నా అనుమానం పిసరంతైనా తగ్గలేదు. ఆ మనిషి చూశాడా లేదా అంటే, ఆ మర అంత సులువుగా ఎందుకు తిరిగిందో నాకు చెప్పండి ముందు అంటాను. కానీ ఎవరి మీదన్నా కోపం పొంగి, వాణ్ణి ఏదో ఒకటి చేసేయాలని లేచిన ప్రతిసారీ, మా అమ్మ గొంతు వినబడి ఒక్క క్షణం కూర్చుంటాను. నా ఇంట్లోవాళ్ళు నన్ను ఏం అడిగారు, నేను ఏది తర్వాత చూద్దామన్నాను అని వెతుక్కుంటాను. ఏదో ఒకటి దొరుకుతుంది. ముందు ఆ పని చేసి వస్తాను.